రెట్రో గేమింగ్ పీసీని ఓవర్‌క్లాక్ చేస్తున్నారా? కాస్త ఆగండి!

పాత గేమ్‌లను పాత కంప్యూటర్ మీదే ఆడాలనే సరదా ఇప్పుడు చాలామందికి ఉంది. డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రోడ్ ర్యాష్, నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్‌ఈ ఆడుతూ పెరిగినవాళ్లు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. అప్పట్లో ఇంట్లో అడిగినా కొనిపెట్టని పెంటియమ్ 3నీ, వూడూ కార్డునీ ఇప్పుడు వెతికి మరీ తెచ్చుకుంటున్నారు. అంతవరకు బాగానే ఉంది. కానీ మెషీన్ చేతికి వచ్చిన వారంలోపే మొదలయ్యే ప్రశ్న ఒకటుంది: "దీన్ని ఎంతవరకు ఓవర్‌క్లాక్ చేయొచ్చు?"

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. పాతికేళ్లు దాటిన మెషీన్‌ని ఓవర్‌క్లాక్ చేయడంలో లాభం దాదాపు ఏమీ లేదు, నష్టం మాత్రం చాలానే ఉంది. ఆ సమయం, ఆ డబ్బు నిలకడగా నడిచే పార్ట్‌లు ఎంచుకోవడంలో పెడితే మీ మెషీన్ ఇంకో పదేళ్లు ఆడిస్తుంది. ఎందుకో వివరంగా చూద్దాం.

1998 లెక్క వేరు

ఓవర్‌క్లాకింగ్‌కి అంత పేరు ఊరికే రాలేదు. 1998 ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఎ అనే చిప్ వచ్చింది. దాని ధర 149 డాలర్లుగా ప్రకటించారు. అదే నెలలో వచ్చిన పెంటియమ్ 2 450 ధర 669 డాలర్లు. సెలెరాన్‌లో మల్టిప్లయర్ 4.5 దగ్గర లాక్ అయి ఉండేది. బస్ వేగం 66 మెగాహెర్ట్జ్ అయితే 300, అదే బస్‌ని 100కి మారిస్తే 450. ఎక్కువ శాతం చిప్‌లు ఆ 450ని పెద్దగా ఇబ్బంది లేకుండా అందుకున్నాయి. పైగా దాని 128 కేబీ ఎల్2 క్యాష్ ప్రాసెసర్‌తో సమానమైన వేగంతో నడిచేది. పెంటియమ్ 2లో 512 కేబీ ఉన్నా అది సగం వేగంతోనే నడిచేది. అందుకే గేమ్‌లలో రెండింటికీ తేడా కనిపెట్టడం కష్టమయ్యేది. అబిట్ బీహెచ్6 లాంటి బోర్డుల్లో అయితే జంపర్లు కూడా కదపక్కర్లేదు, బయాస్‌లోనే అన్నీ మార్చుకోవచ్చు.

అంటే ఒక్క సెట్టింగ్ మారిస్తే 520 డాలర్లు మిగిలాయి. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. చిప్ కొత్తది, బోర్డు కొత్తది, పాడైతే మళ్లీ కొనడానికి షాపులో ఇంకోటి ఉంది. ఓవర్‌క్లాకింగ్ తెలివైన పని అనిపించుకోవడానికి ఇన్ని కారణాలున్నాయి.

ఇప్పుడు వాటిలో ఒక్కటైనా మిగిలిందా? సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఈ రెండు చిప్‌ల మధ్య అప్పటి ధర తేడా లేదు. 450 వేగం కావాలంటే 450 చిప్పే కొనుక్కోవచ్చు. ఇంకా స్పీడ్ కావాలంటే అదే 100 మెగాహెర్ట్జ్ బస్ మీద నడిచే పెంటియమ్ 3లు 850, అంతకంటే ఎక్కువ వేగంలో కూడా ఉన్నాయి. మీ బోర్డు ఆ చిప్‌కి కావాల్సిన తక్కువ వోల్టేజ్ ఇవ్వగలదో లేదో, బయాస్ దాన్ని గుర్తుపడుతుందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి. ఇప్పుడు దొరకడం కష్టమైనవి ప్రాసెసర్లు కావు. మంచి మదర్‌బోర్డ్, వూడూ కార్డ్, ఐఎస్ఏ సౌండ్ కార్డ్ దొరకడమే కష్టం. ఓవర్‌క్లాక్ చేసినప్పుడు ముందు దెబ్బ తినే అవకాశం ఉన్నవి కూడా అవే. చవకగా దొరికే దానికి స్పీడ్ పెంచడం కోసం దొరకని దాన్ని పణంగా పెడుతున్నాం. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే.

ఒక్కటి పెంచితే అన్నీ పెరుగుతాయి

ఇప్పటి ప్రాసెసర్లలో మల్టిప్లయర్ పెంచితే ప్రాసెసర్ స్పీడ్ ఒక్కటే పెరుగుతుంది. అప్పటి ఇంటెల్ చిప్‌లలో మల్టిప్లయర్ లాక్ కాబట్టి పెంచగలిగేది బస్ వేగాన్నే. చిక్కంతా అక్కడే ఉంది. పీసీఐ, ఏజీపీ రెండూ ఆ బస్ వేగాన్ని భాగించి తమ వేగం తీసుకుంటాయి. పీసీఐ 33 మెగాహెర్ట్జ్ దగ్గర, ఏజీపీ 66 దగ్గర నడవాలి.

పెంటియమ్ ఎమ్ఎమ్ఎక్స్ కాలపు చాలా బోర్డుల్లో పీసీఐ వేగం బస్‌లో సగం. బస్ 66 అయితే 33, సరిపోయింది. 75కి పెంచితే 37.5. 83కి పెంచితే 41 దాటుతుంది. ఆ పీసీఐ మీదే హార్డ్ డిస్క్ కంట్రోలర్ ఉంటుంది, సౌండ్ కార్డ్ ఉంటుంది. చాలాసార్లు మెషీన్ హ్యాంగ్ అవ్వదు, బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. లోపల మాత్రం డిస్క్‌లోకి రాసే డేటాలో తప్పులు దొర్లుతుంటాయి. రెండు వారాల తర్వాత సేవ్ చేసిన గేమ్ ఓపెన్ కాదు, నెల తర్వాత విండోస్ ఎక్కదు. అప్పుడు మనం తిట్టేది హార్డ్ డిస్క్‌ని.

ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ గురించి కూడా ఒక మాట. రెట్రో ప్రియులందరికీ ఇష్టమైన చిప్‌సెట్ ఇది, ఆ పేరుకి తగ్గదే. దాన్ని 133 మెగాహెర్ట్జ్ బస్ మీద నడిపిస్తామని గొప్పగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పీసీఐకి నాలుగో వంతు డివైడర్ ఉన్న బోర్డుల్లో పీసీఐ 33 దగ్గరే ఉంటుంది, నిజమే. కానీ ఏజీపీకి ఉన్న డివైడర్లు రెండే: మొత్తం లేదా మూడింట రెండు వంతులు. 133లో మూడింట రెండు వంతులంటే 89. అంటే 66 దగ్గర నడవాల్సిన గ్రాఫిక్స్ స్లాట్ 89 దగ్గర నడుస్తోంది. కొన్ని కార్డులు తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. మీ కార్డ్ ఏ రకమో పెట్టి చూస్తే తప్ప తెలియదు. 133 బస్ చిప్పే కావాలనుకుంటే దానికోసమే తయారైన ఇంటెల్ 815 బోర్డు తీసుకోండి. అందులో ఏజీపీ 66 దగ్గరే ఉంటుంది. 512 ఎంబీ కంటే ఎక్కువ ర్యామ్ తీసుకోదనే మాట ఉంది కానీ, విండోస్ 98కి అంతకు మించి ర్యామ్ పెడితే ఎలాగూ ఇబ్బందే.

పాత గేమ్‌కి స్పీడ్ ఎక్కువైనా కష్టమే

ఈ విషయం కొత్తగా రెట్రోలోకి వచ్చినవాళ్లలో చాలామందికి తెలియదు. పాత గేమ్‌లలో చాలా వాటికి మెషీన్ స్పీడ్ ఎక్కువైతేనే సమస్య. 1990లో వచ్చిన వింగ్ కమాండర్ 386 మీద చక్కగా నడుస్తుంది. వేగంగా నడిచే 486 మీద పెడితే శత్రువు ఎటు వచ్చాడో ఎటు పోయాడో కంటికి ఆనదు. టర్బో పాస్కల్‌తో రాసిన ప్రోగ్రామ్‌లది ఇంకో బాధ. అవి మొదలయ్యేటప్పుడే ప్రాసెసర్ ఎంత వేగంగా లెక్కపెడుతుందో కొలుస్తాయి. సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన పెంటియమ్ లాంటి మెషీన్ల మీద ఆ లెక్క తప్పి, రన్‌టైమ్ ఎర్రర్ 200 అని చూపించి ఆగిపోతాయి. జాజ్ జాక్‌ర్యాబిట్ ఆడదామని చూసినవాళ్లకి ఇది బాగా తెలుసు. చివరికి విండోస్ 95 కూడా 350 మెగాహెర్ట్జ్, అంతకంటే ఎక్కువ వేగం ఉన్న ఏఎమ్‌డీ కే6-2 మీద ఎక్కేటప్పుడే ఎర్రర్ ఇచ్చేది. దానికి మైక్రోసాఫ్ట్ విడిగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది.

పాత 386, 486 క్యాబినెట్ల మీద టర్బో బటన్ గుర్తుందా? పేరు టర్బో అయినా దాని అసలు ఉపయోగం పాత ప్రోగ్రామ్‌ల కోసం మెషీన్‌ని నెమ్మదింపజేయడమే.

కాబట్టి మంచి రెట్రో మెషీన్ అంటే, నా దృష్టిలో, అవసరమైనప్పుడు తగ్గగలిగేది. ఏఎమ్‌డీ కే6-2 ప్లస్, కే6-3 ప్లస్ చిప్‌లలో మల్టిప్లయర్‌ని డాస్‌లో ఉండగానే సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవచ్చు. వయా సీ3 చిప్‌లలోనూ ఈ వీలుంది. బయాస్‌లోనో, సెట్‌మల్ లాంటి చిన్న టూల్‌తోనో ఎల్1 క్యాష్ ఆపేస్తే పెంటియమ్ మెషీన్ కూడా 386 వేగానికి దిగివస్తుంది. ఒకే మెషీన్ మీద 1990 గేమ్, 1999 గేమ్ రెండూ సరైన వేగంతో ఆడుకోవచ్చు. బెంచ్‌మార్క్‌లో ఇంకో 10 శాతం ఎక్కువ చూపించడం కంటే ఇది ఎన్నో రెట్లు ఉపయోగం.

పోనీ 3డీ గేమ్‌ల సంగతి చూద్దాం. వూడూ3 2000 కార్డ్ 143 మెగాహెర్ట్జ్ దగ్గర, వూడూ3 3000 కార్డ్ 166 దగ్గర నడుస్తాయి. మొదటిదాన్ని రెండోదాని స్పీడుకి పెంచితే వచ్చేది ఎంత బాగా వచ్చినా 16 శాతం. సెకనుకి 50 ఫ్రేములు వచ్చే చోట 58 వస్తాయి. ఆడుతుంటే ఆ తేడా ఎంతమందికి తెలుస్తుంది? ఈ కార్డుల మీద ఫ్యాన్ కూడా ఉండదు, చిన్న హీట్‌సింక్ మాత్రమే. మామూలు స్పీడులోనే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీయే ఇప్పుడు లేదు. 2000 డిసెంబర్‌లోనే దాని ఆస్తుల్ని ఎన్‌విడియా కొనేసేందుకు ఒప్పందం అయిపోయింది. కొత్త వూడూ కార్డ్ ఏ ఫ్యాక్టరీ నుంచీ రాదు. ఆ ఎనిమిది ఫ్రేముల కోసం ఒక కార్డ్ పోగొట్టుకోవడం నాకైతే సబబుగా అనిపించదు.

మన ఎండలు, మన కరెంటు

ఓవర్‌క్లాకింగ్ వీడియోలు చూసి అవే నంబర్లు మన ఇంట్లో పెట్టేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ వీడియో తీసిన గదిలో 20 డిగ్రీలు ఉండొచ్చు. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గదిలో 38 డిగ్రీలు ఉంటుంది. గది ఎంత వేడిగా ఉంటే చిప్ అంతకంటే పైకే వెళ్తుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అవుతుంది మన పని.

చిప్‌లో పుట్టే వేడి క్లాక్‌తో పాటు పెరుగుతుంది. వోల్టేజ్‌కైతే దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. క్లాక్ 10 శాతం, వోల్టేజ్ 10 శాతం పెంచితే వేడి 33 శాతం పెరిగినట్టు. ఆ కరెంటంతా బోర్డు మీది కెపాసిటర్ల మీదుగానే రావాలి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల విషయంలో ఇంజినీర్లు వాడే లెక్క ఒకటుంది: వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. 2000 తర్వాత కొన్నేళ్ల పాటు వచ్చిన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు ఉబ్బిపోయి, కారిపోయి ఎన్ని బోర్డులు పోయాయో రిపేర్ షాపుల వాళ్లని అడిగితే చెబుతారు. మిగిలిన బోర్డుల్లో కెపాసిటర్లు కూడా వయసు మీదపడ్డవే.

ఇక పాత ఏఎమ్‌డీ అథ్లాన్ వాడేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ సైట్ ఒక పరీక్ష చేసింది. గేమ్ నడుస్తుండగా ప్రాసెసర్ మీది హీట్‌సింక్ తీసేసి ఏమవుతుందో చూశారు. పెంటియమ్ 4 స్పీడ్ తగ్గించుకుని నడిచింది. పెంటియమ్ 3 ఆగిపోయింది కానీ బతికింది. అథ్లాన్ మాత్రం కాలిపోయింది. ఫ్యాన్ ఆగితే కాపాడే ఏర్పాటు లేని చిప్‌ని ఇంకా వేడెక్కించడం ఎందుకు?

'ఆన్ అయింది' అంటే 'నిలకడగా ఉంది' అని కాదు

విండోస్ ఎక్కింది, ఒక గేమ్ అరగంట నడిచింది, ఓవర్‌క్లాక్ విజయవంతం అని ఫొటో పెట్టేస్తుంటారు. నిలకడ అంత తేలిగ్గా తేలే విషయం కాదు. చిప్ తయారుచేసిన ఇంటెల్‌కే అది తేలలేదు. 2000 జూలై 31న పెంటియమ్ 3 1.13 గిగాహెర్ట్జ్ చిప్ విడుదల చేసింది. లినక్స్ కెర్నల్ కంపైల్ చేయడం లాంటి పనుల్లో అది తప్పులు చేస్తోందని సమీక్షకులు బయటపెట్టారు. నెల తిరక్కుండానే ఇంటెల్ ఆ చిప్‌ని వెనక్కి తీసుకుంది. సొంత ల్యాబ్, సొంత ఇంజినీర్లు ఉన్న కంపెనీ పరిస్థితే అది. అరగంట గేమ్ ఆడి మనం తేల్చేస్తామా?

అన్నింటికంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. పాత మెషీన్‌లో ఏదో ఒక సమస్య రావడం మామూలే. డ్రైవర్ కావొచ్చు, ర్యామ్ స్లాట్‌లో దుమ్ము కావొచ్చు, ఎస్‌ఎంపీఎస్ కావొచ్చు, కెపాసిటర్ కావొచ్చు. ఓవర్‌క్లాక్ చేసిన మెషీన్‌లో తప్పు ఎక్కడుందో వెతకడం రెట్టింపు పని. అన్నీ మామూలు స్పీడులో ఉంటే కనీసం ఒక అనుమానం తగ్గుతుంది.

మరి ఏం చూసి కొనాలి?

ముందు ఎస్‌ఎంపీఎస్. చాలామంది దీన్ని చివర్లో, ఏది దొరికితే అది పెట్టేస్తారు. ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు బలమంతా 12 వోల్టుల లైన్ మీద ఇస్తాయి. పెంటియమ్ 3, అథ్లాన్ కాలపు చాలా బోర్డులు ప్రాసెసర్‌కి కరెంటు 5 వోల్టుల లైన్ నుంచి తీసుకుంటాయి. లేబుల్ మీద 5 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. అథ్లాన్ ఎక్స్‌పీకి అయితే 20 కంటే బాగా ఎక్కువే ఉండాలి. 1990ల చివర్లో వచ్చిన కొన్ని డెల్ డెస్క్‌టాప్‌లలో కనెక్టర్ చూడ్డానికి మామూలుగానే ఉంటుంది కానీ వైర్ల వరుస వేరు. మామూలు ఎస్‌ఎంపీఎస్ తగిలిస్తే బోర్డు పోతుంది. ముందే సరిచూసుకోండి.

తర్వాత బోర్డు. కెపాసిటర్ల పైభాగం చదునుగా ఉండాలి, ఉబ్బు గానీ గోధుమరంగు మరక గానీ ఉండకూడదు. 386, 486 బోర్డు అయితే చిన్న పీపాలా ఉండే బ్యాటరీ కారి, చుట్టుపక్కల దారుల్ని తినేసిందేమో చూడాలి. కారకపోయినా దాన్ని తీయించేయండి. చిప్‌సెట్ విషయానికొస్తే పెంటియమ్ 2, 3లకి 440బీఎక్స్ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. వయా 686బీ సౌత్‌బ్రిడ్జ్ ఉన్న బోర్డులో సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డ్ పెడితే డిస్క్ డేటా పాడవుతోందని 2001లో పెద్ద గొడవే అయింది. అలాంటి బోర్డు ఉంటే బయాస్ అప్‌డేట్, ప్యాచ్ తప్పనిసరి.

ర్యామ్ విషయంలో ఎక్కువ ఆశపడకండి. విండోస్ 98 గేమ్‌లకి 256 ఎంబీ చాలు. 440బీఎక్స్ కోసం 256 ఎంబీ స్టిక్ కొంటుంటే రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉన్నది తీసుకోండి. 8 చిప్‌లే ఉన్నదైతే ఆ బోర్డు సగమే గుర్తుపడుతుంది.

పాత హార్డ్ డిస్క్ బదులు ఐడీఈ అడాప్టర్‌తో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డ్ పెట్టుకోవచ్చు. చప్పుడు ఉండదు, వేడి ఉండదు, బ్యాకప్ తీయడం తేలిక. 128 జీబీ లోపు ఉంటే మంచిది, విండోస్ 98 హద్దు దాదాపు అక్కడే.

అన్నీ బిగించాక పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయండి, ఫ్యాన్ మార్చండి. రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపండి. ఒక్క తప్పు కూడా రాకూడదు. తర్వాత ఏదైనా 3డీ డెమోని మూడు నాలుగు గంటలు ఆపకుండా తిప్పండి. యూపీఎస్ లేకుండా మాత్రం నడపొద్దు.

'అసలు సరదానే అది కదా' అంటారా?

ఈ మాట అనేవాళ్లని నేను తప్పుపట్టను. 300ఎని 450కి తీసుకెళ్లడం పీసీ చరిత్రలో ఒక భాగం. ఆ రోజుల్ని మళ్లీ చూడాలనుకోవడం న్యాయమే. అందుకే ఒక్క ఓవర్‌క్లాక్‌కి మాత్రం నా ఓటు ఉంది, అది ఇదే. 440బీఎక్స్ బోర్డు మీద 100 మెగాహెర్ట్జ్ బస్ అంటే ఆ చిప్‌సెట్‌కి అది సొంత వేగం. పీసీఐ 33, ఏజీపీ 66, రెండూ ఉండాల్సిన చోటే ఉంటాయి. కష్టపడేది సెలెరాన్ ఒక్కటే, అది పోయినా ఇంకోటి దొరుకుతుంది. వోల్టేజ్ పెంచకుండా 450 వస్తే సంతోషం, రాకపోతే వదిలేయండి.

ఏ ఓవర్‌క్లాక్‌కైనా ఇదే కొలత పెట్టుకోండి. పోయేది సులభంగా దొరికే పార్ట్ అయితే మీ సరదా మీ ఇష్టం. దొరకని పార్ట్ అయితే ముట్టుకోకండి. మీ దగ్గరున్న వూడూ కార్డో, మంచి బీఎక్స్ బోర్డో ఇవాళ మీది, రేపు ఇంకొకరిది. అది కాలిపోతే ఆ సరదా తీర్చుకునే అవకాశం ఇంకొకరికి పోయినట్టే.

గేమ్ ఆడటం ఒక్కటే ముఖ్యమైతే డాస్‌బాక్స్ ఉచితంగా దొరుకుతుంది, ఏ పాత సామానూ కొనక్కర్లేదు. అయినా మనం అసలు మెషీన్ కోసం తిరుగుతున్నామంటే, స్విచ్ నొక్కగానే అది అప్పట్లాగే లేవాలి, అప్పట్లాగే ఆడించాలి అనే కదా. ఆ మెషీన్ బయాస్‌లో బస్ స్పీడ్ ఎంత పెట్టి ఉందో ఈ వీకెండ్ ఒకసారి చూడండి. బోర్డు మీద, చిప్ మీద రాసిన దానికంటే ఎక్కువుంటే ముందు దాన్ని తగ్గించండి. తర్వాత తీరిగ్గా గేమ్ ఆడుకోండి.